షట్టర్ తాళం

కారు సీట్ల సందుల్లో ఎండిన వేపాకు కూరుతూ మంజుల రాబోయే ఆదివారాన్ని తలుచుకుని వణికింది. గురువారం నాడు భర్త ప్రమోద్ మస్కట్ విమానం ఎక్కుతాడు. వస్తే మళ్లీ రెండేళ్లకే. అప్పటిదాకా ఆ తెల్ల కారు ఇంట్లోనే పడుకోవాలి. పోచంపల్లిలో వాళ్ల ఇంటికి పెద్ద జాగా అంటే మగ్గాల గదే. రెండు మగ్గాల్లో ఒకటి విప్పి అటక ఎక్కించాడు, వీధివైపు గోడ పగలగొట్టి షట్టర్ పెట్టించాడు. రెండో మగ్గం మూలకు జరిగింది, దాంతోపాటు మంజులా జరిగింది. "బండికి ఎండ తగలొద్దు" అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ గది రేకుల కప్పు కింద ఉడికిపోతూ చీరలు నేసిన మనిషిని ఎండ సంగతి ఎవరూ అడగలేదు. అడగడానికి ఆమె కారు కాదు కదా.

ప్రమోద్ కారు కడిగాడు, పాలిష్ పెట్టాడు, టైర్లకు గాలి ఎక్కువ కొట్టించాడు, హ్యాండ్ బ్రేక్ దించి చక్రాల కింద ఇటుకలు పెట్టాడు. ఫోన్‌లో వీడియో చూసి, ఇంక రెండు దారులున్నాయన్నాడు. వారానికోసారి స్టార్ట్ చేసి కాసేపు ఇంజిన్ నడవనివ్వాలి, లేదంటే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి.

"తీసేస్తే బండి పీనుగ లెక్కుంటది. అన్న ఆదివారం ఆదివారం వచ్చి స్టార్ట్ చేస్తడు. షట్టర్ తాళం గూడ అన్నకే ఇస్త."

"నాకు నేర్పు. నేనే చేస్త."

"నువ్వా? స్టవ్ అంటియ్యనీకే లైటర్ నాలుగుసార్లు కొడ్తవ్" అని నవ్వాడు.

ప్రమోద్ అన్న శ్రీశైలం పక్క వీధిలోనే ఉంటాడు. కులసంఘంలో పెద్దమనిషి, నలుగురికీ తలలో నాలుక. చాయ గ్లాసు అందుకుంటూ మంజుల వేళ్లు పట్టుకునే మనిషి కూడా ఆయనే. మొదటిసారి పొరపాటనుకుంది. రెండోసారి గ్లాసు కింద పెట్టి వెళ్తే, "మరదలికి సిగ్గెక్కువ" అని అందరి ముందూ నవ్వాడు. పోయిన దసరాకు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మగ్గం దగ్గరికొచ్చి, డిజైన్ చూస్తానని వంగి, మెడ మీద ఊపిరి వదిలాడు. ఆమె కాళ్లు మగ్గం తొక్కుడు పలకల మీదే బిగుసుకుపోయాయి. ఆ రోజే ప్రమోద్‌కు చెప్పింది. "మా అన్న నాకు నాయిన లెక్క. కుళ్లు నీ మనసులనే ఉన్నది" అన్నాడు. అప్పటి నుంచి భయపడటం కూడా తన తప్పేనేమో అనిపించేది. ఆదివారం వస్తే అత్త రామమ్మ ఆలేరులో కూతురింటికి పోతుంది. ఆ సంగతి బావకు తెలుసు. షట్టర్ పైకి లేచే చప్పుడు, ఆ తర్వాత కిందికి దిగే చప్పుడు, రెండూ మంజులకు ఇప్పుడే వినిపిస్తున్నాయి.

బుధవారం శ్రీశైలం భోజనానికి వచ్చాడు. ప్రమోద్ తాళాలు చేతికిస్తే చొక్కా జేబులో వేసుకుని, జేబు తట్టుకుని, మంజుల వైపు చూశాడు. "ఇంటి ఫికర్ పెట్టుకోకు తమ్మీ, నేనున్న గదా."

అత్త మటన్ కూర వడ్డిస్తుంటే మంజుల మగ్గాల గదిలోకి నడిచింది. మగ్గం బోల్టులు బిగించే పానా తీసుకుని బానెట్ ఎత్తింది. ఆ వీడియో ఆమె కూడా చూసింది, ఒకసారి కాదు. నల్ల తీగ ముందు, ఎర్ర తీగ తర్వాత. షాక్ కొట్టి చస్తానేమో అనుకుంది. ఆదివారం కన్నా అదే నయమనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా భయపడింది. పానా రెండుసార్లు జారింది, వేలు చీరుకుంది. చివరికి బ్యాటరీ ఊడొచ్చింది. నీళ్ల బిందెలా చంకనెత్తుకుని తెచ్చి, అన్నదమ్ముల కంచాల మధ్య దించింది.

"ఏందే గిది?" అన్నాడు ప్రమోద్.

"బ్యాటరీ. ఇగ ఎవ్వలూ వచ్చి స్టార్ట్ చేసే పని లేదు. బావా, తాళాలియ్యి."

శ్రీశైలం నవ్వుతూ జేబులోంచి తీసి చెయ్యి చాపాడు.

"చేతికియ్యకు. కింద పెట్టు."

"అన్నతోని మాట్లాడే తీరేనా గిది? ఆయనొస్తే నీకేం తక్లీఫ్?" అన్నాడు ప్రమోద్.

ఆగితే మళ్లీ అనలేనని మంజులకు తెలుసు. "నాకు భయం. ఆయన నన్ను ముట్టుకుంటడు. నీకు చెప్పిన, నువ్వు ఇనలే. ఇప్పుడు అత్త ముంగట చెప్తున్న."

రామమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. శ్రీశైలం తాళాలు కంచం పక్కన పెట్టి తల వంచుకున్నాడు. ప్రమోద్ అన్నను చూశాడు, భార్యను చూశాడు. తర్వాత ఎడమచెయ్యి చాపి బ్యాటరీని నిమిరాడు.

"బండికేం కాదు గదా?"

మంజుల వంగి తాళాలు తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఎవ్వలూ చెయ్యి పెట్టకుంటే ఏం కాదు," అంది. "దానికైనా, నాకైనా."