డెల్మా చదవని నీటిమట్టాలు

టెగన్ భయమల్లా ఒక్కటే. ఏటి నీళ్లు వచ్చి పక్కింటి క్లారీ తాతని పట్టుకుపోతాయని, వస్తున్నాయని తెలిసి కూడా తాను పిల్లల్ని చంకనేసుకుని చూస్తూ ఉండిపోవాల్సి వస్తుందని.

భయాలు ఆమెకు కొత్తేం కాదు. పదో తరగతిలో బడి మానేసి తల్లయిన నాటి నుంచీ ఏదో ఒకటి వెంట తిరుగుతూనే ఉంది. చిన్నదానికి ఒళ్లు వెచ్చబడ్డా భయమే, గని పనికి వెళ్లిన పిల్లల తండ్రి జారడ్ ఫోను ఒక పూట మోగకపోయినా భయమే. అవన్నీ వస్తాయి, పోతాయి. ఇది మాత్రం ఆ వారమంతా గుండెల మీద నుంచి దిగలేదు.

చూడబోతే వాళ్ల ఊరు వారుండాలో చినుకైనా పడలేదు. ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. వాన ఎప్పుడో తూర్పు కొండల్లో కురిసింది. ఆ నీళ్లు బల్లపరుపు నేల మీద తీరుబడిగా నడుచుకుంటూ వస్తాయి. అక్కడ వరద ఎండ కాస్తుండగానే గడప దాటుతుంది. అందుకే ఊరి టీవీలో ఆరు గంటల వార్తల చివర, ఎగువనున్న ఒక్కో వంతెన దగ్గరా నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చదివేవారు. చదివేది డెల్మా. కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని, తొందర లేకుండా, ఒక్కో వంతెన పేరూ చెప్పి ఆగేది. ఆ కాసేపూ ఊళ్లో గరిటెలు చప్పుడు చేసేవి కావు. విన్నాక బత్తాయి తోటలవాళ్లు పంపుసెట్లు గట్టెక్కించేవాళ్లు, గొర్రెలవాళ్లు మందల్ని మెరకకు తోలేవాళ్లు.

ఆ టీవీ స్టేషను చేతులు మారింది. మారడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ బోర్డు మారింది, డెల్మా మారలేదు. ఈసారి కొన్నవాళ్లు కొండల అవతలి స్టేషన్ని కూడా కొని, రెంటినీ కలిపేసి, వార్తలన్నీ ఎక్కడో దూరాన పట్నంలో మధ్యాహ్నమే చదివించి దాచి, సాయంత్రం వదలడం మొదలుపెట్టారు. డెల్మా మందుల షాపులో చేరింది. స్టేషను భవనంలో ఇప్పుడు వ్యాయామశాల నడుస్తోంది.

క్లారీకి ఇవన్నీ తెలుసు. తెలిసీ లెక్కచేయడు. ఎనభై దాటిన మనిషి. కుర్రతనంలో ఊరంతా ఇంటింటికీ తిరిగి వాటాలు పోగుచేసి ఆ స్టేషను పెట్టినప్పుడు, ఒక కాపు బత్తాయిల మీద వచ్చిందంతా తీసుకెళ్లి అందులో పోశాడు. ఆ వాటాలు ఎప్పుడో ఎవరెవరో కొనేసుకున్నారు. ఆయన నోట మాత్రం అది ఇప్పటికీ 'మన స్టేషనే'.

ఆ ఉదయం టెగన్ వరండా స్తంభం మీద ఎర్ర చీమలు గుడ్లు మోసుకుంటూ పైకి పాకుతున్నాయి. ఆమె చిన్నదాన్ని ఎత్తుకుని, పెద్దదాన్ని చెయ్యి పట్టుకుని, కంచె దాటి వెళ్లింది. క్లారీ కుక్కకు రొట్టె ముక్కలు వేస్తున్నాడు.

"తాతా, సామాను సర్దావా?"

"డెల్మా చెప్పిందా సర్దమని?"

"డెల్మా మందుల షాపులో ఉంది కదా!"

"నాకు తెలీదా? నా బీపీ బిళ్లలు ఇచ్చేది ఆవిడేగా. ఆవిడ కాకపోతే ఇంకోడు చదువుతాడు. స్టేషనుందిగా."

"ఎక్కడుంది తాతా? అందులో బరువులెత్తే కుర్రాళ్లున్నారు."

"మరీ మంచిది. వరదొస్తే ఇసక బస్తాలు మోస్తారు."

"నవ్వులాట కాదు. ఇదిగో ఫోనులో చూడు, ఎగువ వంతెన..."

"నీ ఫోను నిన్న నాకు కట్టుడు పళ్లు అమ్మబోయింది. దాని మాట నేను వినాలా?"

టెగన్ పిల్లల్ని కారెక్కించుకుని తిన్నగా మందుల షాపుకి పోయింది. తన మాట వినడు, డెల్మా మాటైతే వింటాడు. అంతకుమించి ఆమెకు దారి తోచలేదు. డెల్మా అంతా విని, తెల్లకోటు విప్పకుండానే వెంట వచ్చింది.

వంటింట్లో క్లారీ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు, దొరసాని వచ్చినట్టు.

"క్లారీ, ఎగువ వంతెన కమ్మీల్ని నీళ్లు తాకాయి. నా మాట విని బయల్దేరు."

"టీవీలో చెప్పావా?"

"నన్ను తీసేసి ఏడాదైంది ముసలోడా!"

"అదే మరి. వంటింట్లో నిలబడి ఎవరైనా ఏదైనా చెప్తారు. అక్కడ కూర్చుంటే నాలుగు చోట్లకు ఫోను చేసి, రూఢి చేసుకుని గాని నోరు విప్పేదానివి కాదు. ఆ మాట నువ్వే కదా నాకు చెప్పింది?"

డెల్మా జేబులోంచి ఫోను తీసింది. చెప్పింది మరి. అది నిజమే కూడా. ఈసారి వంతెన సంగతి కూడా ఆమెకు షాపుకొచ్చిన లారీ డ్రైవరు చెబితేనే తెలిసింది. ఇదివరకు అడిగిన చోట్లన్నీ ఇప్పుడు ఆమెకు బదులివ్వడం మానేశాయి.

అక్కడి నుంచే పట్నానికి ఫోను చేసింది. ఎత్తిన అబ్బాయి మర్యాదస్తుడు.

"మీ వైపు వార్తల ముక్క రికార్డయిపోయింది మేడమ్. రేపటి వార్తల్లో తప్పకుండా చూస్తాం."

"రేపటికి మేం నీళ్లలో ఉంటాం బాబూ."

"అయ్యో! జాగ్రత్త మేడమ్. మీ ఊరి పేరు ఇంకోసారి చెప్తారా?"

డెల్మా ఫోను బల్ల మీద పెట్టి, టెగన్ వైపు చూడకుండా, "మా అమ్మని తీసుకొచ్చుకోవాలే తల్లీ" అని వెళ్లిపోయింది. ఆమెను తప్పు పట్టడానికి ఏముంది? ఆమె తల్లి మంచం దిగలేదు, ఇల్లు గట్టు కిందే ఉంది.

మధ్యాహ్నం నారింజ రంగు చొక్కాల సహాయక దళం వాళ్లు తలుపు తట్టారు. క్లారీ టీ తాగి వెళ్లమన్నాడు. "ఆరు గంటల వార్తలు చూసి నేనే వస్తాలే. ఈ అమ్మాయి కారుంది" అన్నాడు. వాళ్లకు ఇంకా ఎన్నో గుమ్మాలున్నాయి, సరేనని సాగిపోయారు. దాంతో టెగన్‌కు కూడా కొంచెం ఆశ పుట్టింది. వార్తలే కదా, అయ్యాక వస్తాడు. పిల్లల బట్టలు, పాలసీసాలు కారులో పడేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆరయింది. పళ్లు మెరిసే కుర్రాడెవరో నవ్వుతూ చదివాడు. ధరలన్నాడు, ఫుట్‌బాల్ అన్నాడు. చివర్న తెర మీద నీలం గీతతో ఒక పటం వచ్చింది. "నదిలో నీటిమట్టం నిలకడగా ఉంది, తగ్గే సూచనలున్నాయి" అన్నాడు.

"విన్నావా?" క్లారీ తొడ చరుచుకున్నాడు. "పొద్దుట్నుంచీ కంగారు పెట్టి చంపావు కదే!"

టెగన్ తెర దగ్గరకు పరుగెత్తి పటం మీద వేలు పెట్టింది. "ఇది మన ఏరు కాదు తాతా! ఈ ఊళ్ల పేర్లు చూడు. ఇది కొండల అవతలిది. రెండు స్టేషన్లూ కలిపేశారు కదా, వాళ్లది చూపిస్తున్నారు..." మాట పూర్తయ్యేలోపే పటం పోయి కార్ల ప్రకటన వచ్చింది.

"మన స్టేషను మన ఏరు కాక ఎవరి ఏరు చెప్తుందే పిచ్చిదానా?"

అందులో వెటకారం లేదు. ఆయన నిజంగానే అడిగాడు.  టెగన్ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. దుంగలా బరువైన మనిషి, కదల్లేదు. ఏడ్చింది. ఆయన ఆమె నెత్తి నిమిరి, పిల్లలకు బిస్కెట్లు పెట్టి, "నీకు భయంగా ఉంటే నువ్వు పోవే. పొద్దున్నే వచ్చెయ్. కుక్కకి తిండి పెట్టాలి నేను" అన్నాడు.

కారులో చిన్నది గుక్కపట్టింది. రైలు గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా అప్పటికే నీళ్లు మెరుస్తున్నాయి. సన్నగా, చప్పుడు లేకుండా, పడమటి ఎండలో. ఇంకాస్త ఆగితే కారు దాటదు. టెగన్ దాటింది. దాటుతూ అద్దంలో వెనక్కి చూడలేదు, చూస్తే తిప్పేస్తుందని.

ఇప్పుడామె మెరక మీద ఊరివాళ్లు తలదాచుకున్న ఆటల హాల్లో, పరుపు మీద పిల్లల మధ్య కూర్చుని క్లారీ ఇంటికి ఫోను చేస్తూ ఉంది. మొదట మోగి మోగి ఆగేది. తర్వాత అసలు మోగడమే మానేసింది. సహాయక దళాన్ని అడిగితే, "ఆ వీధిలో ఎవరూ లేరమ్మా. ఆ పెద్దాయన వార్తలయ్యాక ఎవరో అమ్మాయి కారులో వచ్చేశాడుగా" అన్నారు. ఆ అమ్మాయిని నేనేనని చెప్పింది. మళ్లీ చెప్పింది. పడవలన్నీ దిగువకు పోయాయి, రాగానే పంపుతామన్నారు. డెల్మా తల్లితో పాటు హాలు ఆ చివర ఉంది, ఇంకా తెల్లకోటుతోనే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోతున్నారు.

మీలో ఎవరైనా పడవ మీద వారుండా ఎగువకు వెళ్తుంటే, రైలు గేటు దాటాక కుడివైపు మూడో ఇల్లు. ముందు తలుపు కొడితే ఆయనకు వినబడదు, వెనక్కి వెళ్లి వంటింటి కిటికీ మీద కొట్టండి. టీవీ సంగతెత్తి వాదన పెట్టుకోకండి. మనిషి ఉన్నాడో లేడో చూసి, ఆటల హాల్లో టెగన్‌కి ఒక్క మాట చెప్పించండి.