ఒడ్డు మీద చెప్పకూడని చోటు

దుర్గారావుకు సముద్రంలో ఒక చోటుంది. అడుగున రాళ్ల దిబ్బ, దాని చుట్టూ వంజరం చేప. తాత కనిపెట్టిన చోటది. దాని గురుతు పడవలోనే చెప్పాలి, అదీ ఒక్క బిడ్డకే. ఒడ్డు మీద నోరెత్తకూడదు. సొంత తమ్ముడు జగ్గారావు ఇరవై ఏళ్లుగా అడుగుతున్నా చెప్పని మనిషి, మగపిల్లలు లేరు గనక కూతురు మహేశ్వరిని పదేళ్లప్పుడు పడవెక్కించి చెప్పాడు.

ఆ మహేశ్వరి ఇప్పుడు పట్నంలో, ద్వారకా నగర్‌లో డేటా ఇంజినీరు. మత్స్యకారుల సంఘం వేట వివరాలన్నీ ఆమె కంపెనీ క్లౌడ్‌లో ఉంటాయి. పడవ ఎక్కడ వల వేసిందో నమోదుచేసే జీపీఎస్ పెట్టెలు పెట్టించుకోమని తమ జాలరిపేటంతా తిరిగి బతిమాలింది ఆమే. తండ్రి మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"నా సోటు ఎవుడికీ తెలీదు గదా అమ్మా?"

"తెలీదు నాన్నా. నాను సూసుకుంటాను."

చేపలు కొనే ఎగుమతి కంపెనీకి బరువులు మాత్రమే చూపించాలని ఒప్పందం. కాపీలు పంపే పని లేదు. తమ అకౌంట్‌లో ఉన్నదాన్ని వాళ్ల అకౌంట్‌లోంచి చూసుకునేలా అనుమతి ఇస్తే చాలు. చోటు వివరాలు దాచి, బరువులు కనిపించే వ్యూ ఒకటి మహేశ్వరి శ్రద్ధగా తయారుచేసింది. తీరా ఇచ్చే రోజున అది అవతల తెరుచుకోలేదు.

"ముందు వివరాల టేబుల్ మొత్తం ఇచ్చేయమ్మా, తర్వాత మార్చుకుందాం. వాళ్లు మీటింగ్‌లో కూర్చున్నారు" అన్నాడు మేనేజరు త్రినాథరావు.

ఇచ్చేసింది. చోటు తెలిపే కాలమ్ కళ్లెదుటే ఉంది, కానీ అందులోవి ఆమెకు వట్టి అంకెల్లాగే కనిపించాయి. నాన్న చోటంటే ఆమెకు పడవలోంచి ఆయన చూపించిన గురుతులే: దీపస్తంభం, కొండ భుజం. ఎంత చదివి ఏం లాభం! మర్నాడు ఇంకో పని మీద పడింది, అనుమతి సంగతి మరిచేపోయింది.

పదకొండో రోజు పొద్దున తండ్రి ఫోన్ చేశాడు.

"అమ్మా, నా సోట్లో ఆ సేపలు కొనే కంపినీ పెద్ద బోట్లు నాలుగు తిరగతన్నాయి. ఆళ్లకెవుడు సెప్పాడు?"

మహేశ్వరి వెంటనే లాప్‌టాప్ తెరిచింది. అనుమతి తీసేయడానికి ఒక్క లైను సరిపోయింది. క్షణంలో అవతలి అకౌంట్‌లో టేబుల్ మాయమైంది. సిగ్గుతో చచ్చిపోతూ ఆటో ఎక్కి పేటకు వెళ్లింది.

తండ్రి ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే జగ్గారావు, ఇంకో పదిమంది.

"నా తప్పే నాన్నా. తీసీసాను. ఇంక ఆళ్లకి ఏటీ కనపడదు."

"సూసీసినోళ్ల కళ్లు కూడా తీసీగలవా?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వల పక్కన పడేసి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరే జగ్గా, ఇను. దీపస్తంభం కొండ ఎడం భుజానికి ఆనేదాకా పడవ పోనీ. అక్కడ ఇంజిను ఆపి..."

ఇరవై ఏళ్లు దానికోసం అలిగినవాడు తల దించుకున్నాడు.

"ఇప్పుడు నాకెందుకన్నా" అన్నాడు.

దుర్గారావు వినిపించుకోలేదు. పేటంతా వినపడేలా మళ్లీ మొదటినుంచి చెప్పాడు.