పెంచల్ ఆపరేషన్, తాత ముడి

చిన్నపోలయ్యకు సముద్రమంటే భయం లేదు, తుఫానంటే భయం లేదు. కారడమంటేనే పడదు. కోట మండలం అంచున సముద్రం ఒడ్డునున్న ఆ జాలర్ల పాలెంలో ఎవరి బోటు అడుగున చెమ్మ కనబడినా ముందు ఆయననే పిలుస్తారు. పిలవకపోయినా వస్తాడు. గుడ్డా జిగురూ వేసి పూడ్చి, బోటు నడిపేవాణ్ణి నాలుగు తిట్లు తిట్టి గానీ ఇంటికి పోడు. పక్కింటి కుళాయి కారినా ఆయనకు అన్నం సయించదు. అలాంటి మనిషికి ఆపరేషన్ అయిన పసివాణ్ణి అప్పగించడమేంటని కోడలు సుభాషిణిని తర్వాత అందరూ అన్నారు గానీ, పాపం ఆ పిల్లకు మాత్రం ఏం తెలుసు.

పసివాడి పేరు పెంచల్. ఏడాది దాటింది. వాడు పుట్టినప్పుడే నర్సు చూసి చెప్పింది, మూత్రం వచ్చే రంధ్రం కొసన ఉండాల్సింది కాస్త కిందికి ఉందని. ఉచ్చ ముందుకు పోకుండా తొడల మీదికి కారేది. కడుపుతో ఉన్నప్పుడు తినకూడనిది ఏం తిన్నానో అని సుభాషిణి నెలల తరబడి తనలో తానే కుమిలిపోయింది. నెల్లూరులో పిల్లల సర్జన్ రేవతి ఆ మాట వినగానే కసురుకుంది.

"నువ్వు తిన్నదాని వల్లా కాదు, చేసినదాని వల్లా కాదమ్మా. కడుపులో ఉన్నప్పుడు ఆ దారి పూర్తిగా తయారు కాలేదు, అంతే. చాలామంది మగపిల్లలకు ఉంటుంది. బడికి పోయే వయసు దాకా ఆగొద్దు. ఆరు నెలలకీ ఏడాదిన్నరకీ మధ్య చేయిస్తే వాడికి గుర్తు కూడా ఉండదు. ఈలోగా ఎవరు చెప్పినా ముందుతోలు తీయించొద్దు. కొత్త దారి కుట్టడానికి నాకు ఆ తోలు అవసరం పడొచ్చు."

ఆ చివరి మాట చిన్నపోలయ్యకు మహా నచ్చింది. "ఈ యమ్మకు పని తెలుసు, అతుక్కి ముక్క ముందే దాచిపెట్టుకుంటా ఉంది" అని బస్సులో దారి పొడుగునా మెచ్చుకున్నాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. సన్నటి గొట్టం ఒకటి ఉంచి ఇంటికి పంపారు. పంపే ముందు డాక్టరమ్మ రెండు డైపర్లు ఒకదాని మీద ఒకటి వేసి చూపించింది. లోపలిదానికి చిల్లు పెట్టి గొట్టం కొస బయటికి తీయాలి. ఉచ్చ చుక్కచుక్కగా బయటి డైపర్‌లో పడుతుంది. పిల్లవాణ్ణి చంకనెక్కించుకోకూడదు, మందులు మానకూడదు. సుభాషిణి అంతా శ్రద్ధగా విన్నది. చిన్నపోలయ్య అప్పుడు మందుల షాపు ముందు నిలబడి, తనకంటే ముందు దూరినవాడితో తగువు పడుతున్నాడు.

కొడుకు ముఖేష్ వేటకు పోయిన ఒక పొద్దున సుభాషిణి స్నానానికి పోతూ పిల్లవాణ్ణి మామకు అప్పజెప్పింది.

"మామా, చంకనెత్తుకోబాక. పడుకోబెట్టే ఆడించు."

ఆయన బుద్ధిగా పక్కన కూర్చున్నాడు. ఎంతసేపని ఊరకే కూర్చుంటాడు? డైపర్ తడిగా ఉందేమో అని విప్పి చూశాడు. గొట్టం కొసన ఒక చుక్క. దాని వెనకే ఇంకో చుక్క. అంత చదువుకున్న డాక్టరమ్మ ఇంత పనీ చేసి ఆఖర్న కారేటట్టు వదిలేసిందే అని నొచ్చుకున్నాడు. మొలలో దోపుకున్న వలదారం తీసి, గొట్టం కొస మడిచి, తడిసేకొద్దీ బిగుసుకునే ముడి వేశాడు. చుక్క ఆగింది. ఆయన ప్రాణం కుదుటపడింది.

పెంచల్ ప్రాణం మాత్రం కుదుటపడలేదు. కాసేపటికి కాళ్లు ముడుచుకుని, పాలెమంతా వినబడేట్టు ఏడుపు అందుకున్నాడు. సుభాషిణి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి డైపర్ విప్పి చూసింది.

"ఏంది మామా ఇది?"

"కారతా ఉంటే కట్టినా."

"కారాలనే పెట్టినారు మామా! లోపల కుట్లు మానేదాకా ఉచ్చ అట్టనే పోవాల. నువ్వు కట్టేస్తే యాడికి పోద్ది? కుట్ల మీదికి రాదా?"

గొట్టం కదలకుండా సుభాషిణి పట్టుకుంటే, ఆయన గోళ్లతో ముడి సడలించాడు. ముడి ఊడగానే ఉచ్చ జివ్వున వచ్చింది, ఏడుపు ఆగింది. కానీ కుట్ల దగ్గర కూడా తడిగా ఉంది.

"ఫోన్ చెయ్యమ్మే" అన్నాడు చిన్నపోలయ్య. "నేనే కట్టినానని చెప్పు. ఏమీ దాచబాక."

డాక్టరమ్మ వెంటనే రమ్మంది. చూసింది. గొట్టం కదలలేదు, కుట్లు తెగినట్టు లేదు, అయినా గొట్టం తీసి వాడు ఉచ్చ పోసేదాకా ఏమీ చెప్పలేనంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంత బాగుండేది.

ఆ తర్వాత ఆయన ఎవరి బోటు దగ్గరికీ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్లను వాకిట్లోంచే పంపేశాడు. బిడ్డ బతుకంతా తన చేతులారా పాడు చేశానని ఒకటే బాధ. పెంచల్ ఆయన మీసం లాగి నవ్వితే ఆ బాధ ఇంకా ఎక్కువయ్యేది.

గొట్టం తీసే రోజు వచ్చింది. తీశారు. ఇక వాడు ఉచ్చ పోయాలి. కొబ్బరినీళ్లు తాగించారు, పాలు తాగించారు. మహానుభావుడు తాగినవన్నీ తాగి, డాక్టరమ్మ స్టెతస్కోపుతో ఆడుకుంటున్నాడే తప్ప అసలు పని మొదలుపెట్టడు. చిన్నపోలయ్య గోడవైపు తిరిగి, తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టాడు. పక్క మంచం మీది పాప కోసం వాళ్లమ్మ మగ్దలీనమ్మ ఏసయ్యకు ప్రార్థన చేస్తుంటే ఆ దేవుడికీ ఒకటి పెట్టాడు.

"మామా! ఇట్ట చూడు మామా!"

తిరగాలంటే భయం. తిరిగాడు. పెంచల్ తల్లి భుజం పట్టుకుని బల్ల మీద నిలబడి ఉన్నాడు. సరిగ్గా కొసనుంచి ఒకటే ధార, ముందుకు వంగి, నేరుగా డాక్టరమ్మ చెప్పుల మీద పడుతోంది. చిన్నపోలయ్య గబగబా వంగి, ధార కింద కాకుండా పాత రంధ్రం ఉన్నచోట కుట్ల కింద అరచెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి పొడిగానే ఉంది. ఆ చెయ్యి అందరికీ చూపించాడు, కళ్లు మాత్రం తుడుచుకోవడం మరిచిపోయాడు.

డాక్టరమ్మ తడిసిన చెప్పులు పక్కకు విదిలించుకుంటూ నవ్వింది. "బాగా వచ్చింది. అయినా పెద్దయ్యేదాకా అప్పుడప్పుడు తెచ్చి చూపించండి. కొందరికి తర్వాత కుట్ల దగ్గర చిన్న చిల్లు పడుతుంది. పడినా మళ్లీ సరిచేయొచ్చు, కంగారు పడక్కర్లేదు. ధార సన్నబడినా, కిందినుంచి ఒక్క చుక్క కారినా..." అంటూ ఆగి, పెద్దాయన వైపు చూసింది.

"ఎత్తుకొస్తా తల్లీ" అన్నాడు చిన్నపోలయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. "నేను చెయ్యి కూడా పెట్టను."