సేనాపతి వేషం

రాయగడ తెలుగు నాటక సంఘంలో సేనాపతి వేషమంటే లక్ష్మీనరసింహంగారిదే. తనను కొడుకులా పెంచిన రాజును నమ్మించి చంపి, సింహాసనమెక్కి, ఆ పాపంతోనే కుళ్ళిపోయే సేనాపతి కథ అది. సంఘంలోని పాతతరం పెద్ద ఒకాయన రాసిన విషాద నాటకం. లక్ష్మీనరసింహంగారు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటినా నాటకమంతా ఆయనకు కంఠతా వచ్చు. తన డైలాగులే కాదు, అందరివీ.

రామ్‌ప్రసాద్‌ది అదే నాటకంలో సేనాపతి స్నేహితుడి వేషం. కల్యాణసింగ్‌పూర్ బ్లాకాఫీసులో ఉద్యోగం. సాయంత్రం బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా రిహార్సల్‌కు వచ్చేవాడు. అతడికి స్టేజీ మీద నిలబడడం నేర్పింది లక్ష్మీనరసింహంగారే. బాబాయ్ అని పిలిచేవాడు. కానీ నలభై దాటాక ఆ స్నేహితుడి వేషం అతడికి ఇరుకైపోయింది. ఇంతలో కోరాపుట్‌లో నాటక పోటీలు పెడుతున్నారని కబురొచ్చింది.

"ఆయనుండగా మీకా వేషం రాదు," అంది అతడి భార్య హరిచందన అన్నం వడ్డిస్తూ. "మీ గొంతు ముందు ఆయన గొంతేటండీ? ఆయనే తప్పుకుంటే బాగుణ్ణు."

"ఎందుకు తప్పుకుంటారు? ఒక్క మాట మర్చిపోరు."

"మర్చిపోతే?"

ఆమె ఊరికే అందో, కావాలని అందో అతడు అడగలేదు.

మరుసటి వారం రిహార్సల్ గంట ముందుకు జరిగింది. పెద్దాయనకు చెప్పే పని రామ్‌ప్రసాద్ తన మీద వేసుకుని, చెప్పలేదు. ఆయన వచ్చేసరికి అందరూ ఎదురుచూస్తున్నారు.

"నిన్న సెప్పేను కదా బాబాయ్," అన్నాడు మెల్లగా, నలుగురికీ వినబడేలా.

"సెప్పేవా?" లక్ష్మీనరసింహంగారు నవ్వబోయి ఆగిపోయారు. "అలాగా. నా బుర్రలో లేదురా."

తర్వాత పని సులువైంది. రెండో అంకంలో రామ్‌ప్రసాద్ కావాలనే ఒక డైలాగు దాటేసి తర్వాతది అందుకునేవాడు. ఆయన తడబడేవారు. "మీరే ఓ మాట వదిలేసేరు బాబాయ్. పరవాలేదు, మళ్ళీ సేద్దాం," అనేవాడు. ఆయన కళ్ళజోడు బల్ల మీంచి తీసి ఆయన సంచిలోనే పెట్టేవాడు. అందరూ కలిసి వెతికాక అది సంచిలోనే దొరికేది. సంఘం కార్యదర్శి మనోరంజన్ జాలిగా తల తిప్పుకునేవాడు. పెద్దాయన ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనమే ఆయనను ఎక్కువ భయపెట్టింది.

పోటీలు దగ్గర పడ్డాక ఒకనాడు ఆయనే అన్నారు.

"ప్రసాదూ, ఈ వేషం నువ్వు కట్టు. నడిమధ్యలో నేను మర్చిపోయేనంటే సంఘం పరువు పోతాది."

రామ్‌ప్రసాద్ ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. ఆ క్షణంలో అతడికి నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి. అవి ఎందుకు వచ్చాయో తనకే తెలియలేదు.

కోరాపుట్‌లో నాటకం బాగా పండింది. ఉత్తమ నటుడి బహుమతి రామ్‌ప్రసాద్‌దే. హరిచందన ముందు వరసలో కూర్చుని ఆగకుండా చప్పట్లు కొట్టింది. తెర దిగాక లక్ష్మీనరసింహంగారు భార్య శ్యామలాంబ చెయ్యి పట్టుకుని స్టేజీ మెట్లెక్కి వచ్చారు. అంతకు ముందెప్పుడూ ఆయన ఒకరి చెయ్యి పట్టుకుని నడవలేదు.

"గొప్పగా సేసేవురా. రెండో అంకం నాకెప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు," అన్నారు.

ఆ అంకం ఆయన ముప్ఫై ఏళ్ళు తడుముకోకుండా చెప్పారు. రామ్‌ప్రసాద్ చేతిలో నిర్వాహకులు తనకు వేసిన దండ ఉంది. ఆయన మెడలో వేద్దామనుకున్నాడు, చెయ్యి లేవలేదు.

ఆ తర్వాత పెద్దాయన ఒంటరిగా బజారుకు వెళ్ళడం మానేశారు. దారి తప్పుతానని భయం. చుట్టుపక్కల పిల్లలకు పద్యాలు నేర్పడమూ మానేశారు. విశాఖపట్నంలో డాక్టరు ఏ జబ్బూ లేదంటే, అందరూ కలిసి తన దగ్గర దాస్తున్నారనుకున్నారు. రోజంతా వరండాలో కూర్చుని, ఎదురుగా కొండ మీద కమ్ముకునే మబ్బును చూసేవారు.

ఇదంతా విని రామ్‌ప్రసాద్‌కు తిండి సయించలేదు. "మన పని జరిగిపోయింది, ఇంకా ఎందుకా ఆలోచన?" అని హరిచందన కసిరేది. కొన్నాళ్ళకు ఆమే ఆ బహుమతి బొమ్మను హాల్లోంచి తీసి బీరువాలో పెట్టేసింది.

ఒక ఆదివారం పొద్దున్న అతడు వాళ్ళింటికి వెళ్ళాడు. శ్యామలాంబ ఎదుటే అంతా చెప్పేశాడు. రిహార్సల్ సంగతి, కళ్ళజోడు, దాటేసిన డైలాగులు, అన్నీ.

లక్ష్మీనరసింహంగారు ఓపిగ్గా విని అతడి భుజం తట్టారు. "నాకు ధైర్యం సెప్పడానికి ఎంత కథ అల్లేవురా! నీది మంచి మనసు."

"కథ కాదు బాబాయ్, నిజం."

"సరే సరే. కాఫీ తాగు."

శ్యామలాంబ గేటు దాకా వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు సెప్పింది నిజమని నాకు తెలుసు. నిన్ను మళ్ళీ ఈ గడప తొక్కొద్దనాలని ఉంది. కానీ అననురా. నువ్వు రా. ఆయన నమ్మేదాకా వచ్చి ఇదే మాట సెప్పు."

అతడు ప్రతి ఆదివారం వెళ్ళాడు. ప్రతిసారీ చెప్పాడు. ప్రతిసారీ ఆయన నవ్వి కాఫీ ఇప్పించారు. వానాకాలం వెళ్ళిపోయింది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన నవ్వలేదు.

"ఆ కళ్ళజోడు... సంచిలో పెట్టింది నువ్వా?"

"నేనే."

"ఎందుకురా?"

"ఆ వేషం కోసం."

"నాకు పిచ్చెక్కుతోందని ఇన్నాళ్ళూ ఏడ్చేనురా. మీ పిన్నికి తెలీకుండా దొడ్లో కూర్చుని ఏడ్చేను. పో. నా ఎదట్నుంచి పో."

రామ్‌ప్రసాద్ తల వంచుకుని వచ్చేశాడు. దారంతా ఏడ్చాడు. అయినా ఆ రోజు అతడికి ఆకలి వేసింది, నిద్ర పట్టింది. ఆయన నమ్మారు, అది చాలనుకున్నాడు.

తర్వాతి ఆదివారం అతడు వెళ్ళలేదు. మధ్యాహ్నం శ్యామలాంబ ఫోన్ చేసింది.

"ప్రసాద్ ఇంకా రాలేదేటి అని అడుగుతున్నారు. రా."

వెళ్ళేసరికి లక్ష్మీనరసింహంగారు తెల్లటి పంచె కట్టుకుని, వరండాలో నిలబడి ఉన్నారు. అతడిని చూడగానే ముఖం వికసించింది.

"రారా! ఏటింత ఆలస్యం? రిహార్సల్ ఎన్నింటికి పెట్టేరు?"

రామ్‌ప్రసాద్ శ్యామలాంబ వైపు చూశాడు.

"సోమవారం నుంచీ ఇంతే," అందామె. "డాక్టరు ఈసారి జబ్బుందనే అన్నాడు. నీ వల్ల కాదట. వయసట. ఎవరి వల్లో నాకు తెలీదు."

"నిల్చున్నావేటి? కూర్చో," అన్నారు లక్ష్మీనరసింహంగారు. "రెండో అంకం ఓసారి అనుకుందాం. నువ్వు అందుకో."

రామ్‌ప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఒక్క మాట దాటకుండా, స్నేహితుడి మొదటి డైలాగు చెప్పాడు. పెద్దాయన నోరు తెరిచారు. మాట రాలేదు. అతడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.