పిన్ని ఎడమ భుజం

రోజూ పొద్దున్నే కెమెరావిడ లెన్సు తుడుచుకుని, హీరోగారి మొహం ఎంత దగ్గరగా కావాలో కనుక్కునేది. ఇంకా దగ్గరగా అనేవాళ్లు. ఆ మొహంలో అంత చూడ్డానికి ఏముందో పదిహేనేళ్ల సర్వీసున్న ఆమెకే అంతుపట్టలేదు. ప్రేమ పుట్టినా, పడిశం పట్టినా ఆయనకి ఒకటే మొహం.

ఆ కెమెరా ఫ్రేము ఎక్కడ కోస్తే మనిషి అక్కడిదాకానే మిగులుతాడు. నడుము దాకా తీసిన వాళ్లని భోజనానికి కుర్చీల్లో మోసుకెళ్లడం ప్రొడక్షన్ వాళ్ల పని. సాయంత్రం పేకప్‌కి ముందు అందరినీ ఒకచోట చేర్చి వైడ్ షాట్ తీస్తే ఎవరి కాళ్లు వాళ్లకొచ్చేవి. హీరోగారికి మాత్రం విడిగా ఇంకొకటి. తన ఫ్రేములో మరో నిండు మనిషి ఉండకూడదని అగ్రిమెంట్లోనే రాయించుకున్నారు మహానుభావుడు.

ఆయన తల్లి వేషం కెమెరావిడ పిన్నిది. తల్లి అనేది మాటవరసకే. పదకొండు రోజులుగా హీరో మొహం పక్కన మసగ్గా కనబడే ఎడమ భుజమే ఆవిడ పాత్ర. నలభై ఏళ్లు నాటకాలాడిన మనిషిని భుజం చేసి కూర్చోబెట్టారు దరిద్రులు.

ఆఖరి రోజు షూటింగు వాళ్లిద్దరికే. క్లోజప్ నచ్చక హీరోగారు పద్దెనిమిది టేకులు తీయించారు. అవి అయ్యేసరికి ఇంకొక్క షాట్‌కే వెలుగు మిగిలింది. రేపు ఆ పాత కెమెరాని మ్యూజియానికి ఇచ్చేస్తున్నారు. ఇవాళ ఎవరెలా మిగిలితే ఇక అంతే.

"ఇద్దరినీ కలిపి తీసేస్తాను సార్. పిన్ని కుర్చీ ఓ పక్కన వేయిస్తాను" అంది కెమెరావిడ.

స్టూలు మీదున్న హీరోగారి మొహం నొచ్చుకుంది. "నా పక్కన ఇంకో మొహమా? రేపు పోస్టర్లో కూడా వేస్తారా ఏంటి?"

డైరెక్టర్ వంగి ఆ మొహానికి చెమట తుడిచాడు. "ఆవిడ మొహం సినిమాలో ఎలాగూ లేదు కదమ్మా. లేకపోతే ఎవరికి నష్టం? హీరోగారిది తియ్యి."

కుర్చీలో భుజం సన్నగా వణికింది. కెమెరావిడకి ఒళ్లు మండిపోయింది. అలాగే సార్ అంటూ కెమెరాని కుర్చీ వైపు తిప్పి, పిన్నిని నడి ఫ్రేములో పెట్టి, తల నుంచి పాదాల దాకా, కాస్త నేల కూడా కలుపుకుని తీసింది. పిన్ని లేచి నిలబడి, జుట్టు ముడేసుకుని, చెప్పులెక్కడని అడిగింది.

"మరి నాది?" అంది స్టూలు మీది మొహం.

"వెలుగు పోయింది సార్" అని ఆమె లెన్సుకి మూత పెట్టింది.

ప్రొడక్షన్ వాళ్లు ఆ మొహాన్ని మేకప్ పెట్టెలో సర్ది, పెద్ద కారులో వెనక సీటు మీద పెట్టారు. దారే కదా, ఎక్కమని పిన్నినీ పిలిచారు. ఆవిడ వద్దని, ఇంటిదాకా నడిచే వెళ్లింది.