ఇత్తడి బొడిపె మీది మాటు

సుందరి పోయి ఏడాది నిండిన రోజు పొద్దున్నే మిషను గుడిలో ఆమె ఆత్మ కోసం పూజ జరిగింది. పూజ కాగానే సుందరి భర్త కృపాదానం మాస్టారు అత్తగారిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. సుందరి తల్లి దేవమ్మ నకరికల్లు నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మిరపకాయ కోతల రోజులు, మధ్యాహ్నం బస్సుకే తిరిగి పోవాలి. కాళ్లు కడుక్కుని వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏమన్నా తింటావా అత్తా?"

"తిండేం వద్దులే నాయనా. ఆ దొరల డబ్బాలో ఇన్ని కాఫీ నీళ్లు కాచియ్యి. దాని చేతి కాఫీ అందులోదే గదా."

దొరల డబ్బా అంటే అల్యూమినియం కాఫీ పాత్ర. మిషను బంగళాలో ఉండే ఇటలీ ఫాదరు స్వదేశం వెళ్లిపోతూ, పూజవస్త్రాలు కుట్టిపెట్టిన సుందరికి ఇచ్చిపోయాడు. నడుము దగ్గర మర తిప్పితే రెండు గిన్నెలుగా ఊడుతుంది. కింద నీళ్లు, మధ్య జల్లెడలో పొడి, పైకి వచ్చేది కాఫీ. ఏడాదిగా అల్మరా పై అరలో ఉన్న ఆ పాత్రను మాస్టారు దించి తుడిచాడు. కింది గిన్నె పక్కన చిన్న ఇత్తడి బొడిపె ఉంటుంది, దానికి సన్నని తూటు. ఆ తూటు మీద బూడిదరంగు ముద్ద కనిపించింది. గోటితో గీకాడు. రాలేదు.

మాటు. ఎవరో తగరం కరిగించి మాటు వేశారు.

"దీన్ని బాగుచేయించాలి. బస్టాండు దగ్గరే. నువ్వూ రా అత్తా" అన్నాడు. కాఫీ పొడి పొట్లం జేబులో వేసుకున్నాడు.

బిందెలకూ చెంబులకూ మాట్లు వేసే అబ్దుల్ జబ్బార్ బస్టాండు పక్క తాటాకు పందిట్లో, బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. పాత్రను చూడగానే గుర్తుపట్టాడు.

"నేనేసిందే సారూ. సుందరమ్మ తెచ్చింది. 'ఓటు పడింది బాబాయ్, ఆవిరంతా బయటికే పోతంది' అంది. అల్యూమినియానికి మాటు నిలవదమ్మా అన్నా. 'బొడిపె ఇత్తడిదే గదా, అతుక్కుద్ది చూడు' అంది. చానా తెలివైన మనిషి."

"ఎప్పుడు?"

"ఆమె జొరంతో పడ్డానికి ముందురోజే."

"ఇంకేమన్నా అన్నదా?"

జబ్బార్ కాస్త తటపటాయించాడు. "'కాఫీ సగమే వచ్చిందేం అని మా సారు అడిగాడు. ఇక నిండా వచ్చిద్ది' అని నవ్వింది సారూ."

మాస్టారికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండా అడిగిన మాట అది. సగమే ఎందుకు వచ్చిందో ఆయనకు తెలుసు. సుందరిది ఇత్తడి ఫిల్టరులో పొడిని అదిమి అదిమి అలవాటైన చెయ్యి. ఈ పాత్రలో అదమకూడదు. ఏటా ఎనిమిదో తరగతిలో నల్లబల్ల మీద బొమ్మ గీసి ఆవిరి పాఠం చెప్పేవాడు. చివరి బెంచీ వాడికి కూడా అర్థమయ్యేదాకా చెప్పేవాడు. ఇంట్లో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పలేదు.

"తీసెయ్యి జబ్బార్" అన్నాడు.

"నా మాటుకు వంకేంది సారూ? నీళ్లు పోసి చూడండి, బొట్టు కారదు."

"బాగా వేశావు. అందుకే తియ్యమంటున్నా."

దేవమ్మ చప్పున పాత్రను ఒళ్లోకి లాక్కుంది. "ఏందయ్యా తీసేది? నా బిడ్డ ముచ్చటపడి పెట్టించుకున్న మాటు. దాని గురుతులు ఇంకేం మిగిలినయ్యి?"

మాస్టారు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా, అన్నం ఉడికేటప్పుడు మూత ఎందుకు ఎగురుద్ది?"

"ఆవిరికి."

"దీని మూత మరతో బిగించి ఉంటది, ఎగరలేదు. అందుకని ఆవిరి నీళ్ల మీద పడి నెడుతుంది. నీళ్లు లోపలి గొట్టంలో పైకెక్కి, పొడిని తడుపుకుంటూ పై గిన్నెలో పడతయ్యి. పొడిని గట్టిగా అదిమితే నీళ్లకు దారి ఉండదు. అప్పుడు ఆవిరి ఈ తూటులోంచి బయటికి పోద్ది. అది ఓటు కాదు. చేసినవాడే పెట్టిన దారి."

"అదీ మూసుకుపోతే?"

"పాత్ర పగులుద్ది."

దేవమ్మ ఆ మాటు మీద వేలు పెట్టి తడిమింది.

"జొరం రాకపోతే మర్నాడు దీన్ని పొయ్యి మీద పెట్టేది గదా."

"పెట్టేది."

"ఈ సంగతి నీకు అప్పుడే ఎరికేనా?"

"తెలుసు."

"దానికి చెప్పలా?"

"చెప్పలేదత్తా."

"నువ్వు మాట చెప్పకపోతే అది మాటు వేయించుకుంది" అంది దేవమ్మ. గొంతు పెంచలేదు. పాత్రను జబ్బార్ ముందు పెట్టింది. "తియ్యయ్యా."

జబ్బార్ కాలిన ఇనుమును ఆనించాడు. ముద్ద ఒక్కసారి మెరిసి, కరిగి, బొట్టుగా మట్టిలో రాలింది. మాస్టారు లోపలినుంచి చీపురుపుల్లతో పొడిచి చూశాడు. బొడిపెలోని స్ప్రింగు కదిలింది. దేవమ్మ ఆ తగరపు బొట్టు చల్లారేదాకా ఆగి, ఏరుకుని, కొంగు చివర ముడేసుకుంది.

జబ్బార్ కుంపటి మీదే కాఫీ పెట్టారు. పక్క హోటలు నుంచి పాలూ గ్లాసులూ వచ్చాయి. మాస్టారు తూటుకు కింద దాకా నీళ్లు పోశాడు. పొడి వేసింది దేవమ్మ. వేసి, బొటనవేలితో రెండుసార్లు అదిమింది. సుందరి కూడా అచ్చం అలాగే, రెండుసార్లే అదిమేది. ఎక్కడ నేర్చుకుందో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"అదమొద్దత్తా" అన్నాడు. "వదులుగా ఉండాలి."

దేవమ్మ పొడిని పుల్లతో కదిలించింది. "ఇట్లాగేనా?"

"ఇట్లాగే."

కొంచెంసేపటికి లోపల గుడగుడమంది. తూటు చప్పుడు చెయ్యలేదు. నల్లటి కాఫీ ఊరుతూ ఊరుతూ పై గిన్నె అంచు దాకా వచ్చింది.

"నిండా వచ్చింది సారూ" అన్నాడు జబ్బార్. అని, ఎందుకన్నానా అన్నట్టు తల దించుకున్నాడు.

మాస్టారు మూడు గ్లాసుల్లో పోశాడు. దేవమ్మ రెండు గుక్కలు తాగి, "బాగుంది" అంది. బస్సు హారను మోగింది. ఆయన పాత్రను ఎత్తి, వంచి చూశాడు. ఇంకొకరికి సరిపోయేంత మిగిలింది.