తట్టెడు మట్టి

2004 ఫిబ్రవరి 16, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద బడి గది కూలింది. రెండు జేసీబీలు వచ్చాయి. పదకొండు నిమిషాల్లో పని అయిపోయింది.

శకుంతలమ్మ అప్పుడు షూటింగ్ మెస్సులో దోసెపిండి కలుపుతోంది. కబురు అందగానే పిండి చేతులతోనే గుట్ట ఎక్కింది. ఆమె చేరేసరికి తూర్పు గోడ ఒక్కటే నిలబడి ఉంది. ఆమె చూస్తుండగానే అదీ పడింది. ఆ గది కట్టినవాడు ఆమె తండ్రి బాలనర్సయ్య.

కంపెనీ మేనేజరు రవిచంద్ర కారు దిగి ఫైలు తెరిచాడు. హైటెక్ సిటీ ఉద్యోగుల కోసం ఆ కంపెనీ గుట్ట మీద విల్లాలు కడుతోంది.

"చూడండమ్మా, ఇక్కడ బడి అనేది ఎప్పుడూ లేదండీ. ఇది సినిమావాళ్లు వేసిన సెట్టింగు. సెట్టింగు విప్పడానికి నోటీసు ఎందుకండీ?"

"ఎవడు చెప్పిండు సెట్టింగని?"

"మీవాళ్లే రాసిచ్చారు."

ఫైలులో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి 1998 నాటిది. ఆ ఏడు ఒక సినిమా యూనిట్ బడికి సున్నం వేసి, 'జమీందారు గడీ' అని బోర్డు కట్టి, నాలుగు రోజులు షూటింగ్ చేసుకుంది. 'సెట్టు విప్పేందుకు మాకు అభ్యంతరం లేదు' అని బస్తీ తరఫున వడ్రంగి ఓదెలు సంతకం పెట్టాడు. రెండోది నిరుడు ఇచ్చిన అఫిడవిట్. 'ఈ గుట్టను చిన్నతనం నుంచి ఎరుగుదును. ఇక్కడ బడి గానీ, సాగు గానీ లేవు.' కింద తెలుగులో సంతకం: తిరమలేశ్.

'ర'కు కొమ్ము లేదు. శకుంతలమ్మ ఆ సంతకాన్ని రెండుసార్లు చదివింది. తిరుమలేశ్ ఐదో తరగతి దాకా ఆ గదిలోనే చదివాడు. ఇప్పుడు మట్టి పనుల కాంట్రాక్టరు. వచ్చిన రెండు జేసీబీలూ అతనివే.

"ఇల్లు ఖాళీ చెయ్యమని మిమ్మల్ని ఇప్పుడే అనట్లేదండీ. రేపు ఈ పక్కనున్న బండ పేలుస్తారు. పిల్లల్ని దూరంగా ఉంచండి," అన్నాడు రవిచంద్ర. గుట్ట మీద నూట ఇరవై ఇళ్లు ఉన్నాయి. అన్నీ ఆ బండను ఆనుకునే ఉన్నాయి. బండ పేలితే ఇళ్లు నిలబడవు. అక్కడ నలభై ఏళ్లుగా బతికినట్టు చూపడానికి ఆ బడి గది తప్ప వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు.

బాలనర్సయ్య పాలమూరు జిల్లాలో పంతులు. దొర చేలో కలుపు తీయడానికి బడి పిల్లలను పంపనన్నాడు. ఉద్యోగం పోయింది. 1961లో రాళ్లు కొట్టే ముప్పై కుటుంబాలతో కలిసి ఈ గుట్టకు వచ్చాడు. జూబ్లీహిల్స్ బంగళాలకు రాయి కావాలి. పెద్దలు రాయి కొట్టారు, ఆయన పిల్లలను కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టింది ఇప్పుడు పేలుస్తామంటున్న ఈ అరెకరం నున్నటి బండ మీదే. అక్కడ గుప్పెడు మట్టి లేదు. సేద్యం ఎరిగిన మనిషి, మట్టి లేని చోట ఉండలేకపోయాడు. బడికి ఫీజు పెట్టాడు: సోమవారం సోమవారం తట్టెడు మట్టి.

బంగళాల పునాదుల్లో తవ్విపోసిన మట్టిని పిల్లలు తట్టల్లో మోసుకొచ్చేవాళ్లు. చేరిన రోజు పలక ఉండేది కాదు. పంతులు బండ మీద సుద్దతో పేరు రాసేవాడు. పిల్లలు ఉలి పట్టి దాన్ని చెక్కేవాళ్లు. పక్కన ఏడాది అంకె వేసేవాళ్లు. మొదటి తట్ట మట్టి ఆ పేరు మీదే పోసేవాళ్లు.

"పేరు కింద ఉంటది, పంట మీద ఉంటది. నీ జాగ ఏడరా అని ఎవడన్న అడిగితే తవ్వి చూపియ్," అనేవాడు.

ఏడేళ్లకు జొన్న పండింది. పిల్లలు మధ్యాహ్నం తిన్నది ఆ జొన్న గటకే. 1974కల్లా బండంతా మట్టి నిండింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు పలకల మీదే రాశారు. 1989లో ఆయన పోయాడు. ప్రతి వానాకాలం శకుంతలమ్మే విత్తనం వేస్తూ వచ్చింది. గదిలో బస్తీలోనే చదువుకున్న ఒక అమ్మాయి పాఠం చెప్పేది.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు నల్లా దగ్గర బస్తీ అంతా చేరింది. బంగళాల్లో అంట్లు తోమే భూలక్ష్మి ముందుగా ఓదెలును పట్టుకుంది.

"సంతకం పెట్టిన చెయ్యేదిరా? జర చూపియ్, దండం పెట్టుకుంటం."

సెట్టు వడ్రంగుల సంఘానికి ఓదెలు నాయకుడు. తల దించుకుని నిలబడ్డాడు.

"ఏ జాగల షూటింగ్ అయితె ఆ జాగను మేం సెట్టనే అంటం. నోటికి గదే అలవాటు. రేపు నా ఇంట్ల షూటింగ్ పెడితె నా ఇల్లు గూడ సెట్టే అంట."

"అయితె నీ పెండ్లాం గూడ జూనియర్ ఆర్టిస్టేనా?"

జనం నవ్వారు. ఓదెలు నవ్వలేదు.

"తప్పు నాదే. కొట్టుండ్రి, పడత. కానీ రేపు ఏం చేద్దామో చెప్పుండ్రి."

"నాకు తిరుమలేశ్ కావాలె," అంది శకుంతలమ్మ. అందరూ ఆమె వైపు తిరిగారు. "వాని చెయ్యి పట్టి ఉలి కొట్టిచ్చింది నేను. వాని పేరు ఏడున్నదో నాకెరుకే. రేపు తవ్వి, ఆ పేరు వాని ముంగట్నే చెక్కి తీసేస్త. ఈ గుట్ట మీద వాడు పుట్టనే లేదనిపిస్త."

"వాన్నొక్కన్ని కొడితె కంపెనీ ఇంకొకన్ని తెచ్చుకుంటది, అక్కా," అంది భూలక్ష్మి.

"తెచ్చుకోనీ. ముందుగాల వీడు."

"వాని పేరొక్కటేనా కిందున్నది?" అన్నాడు ఓదెలు. "నాది లేదా? లక్ష్మయ్య కాకది లేదా? అందరియి తవ్వుదాం."

భూలక్ష్మి, "మా ఇంట్ల రెండు పారలున్నయ్," అంది.

మంగళవారం ఫిల్మ్ నగర్‌లో మూడు షూటింగ్ ఫ్లోర్లలో సుత్తి మోగలేదు. వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌మెన్ గుట్ట ఎక్కారు. బంగళాల పనిమనుషులు వచ్చారు. డిగ్రీ కాలేజీ నుంచి విద్యార్థి సంఘం వచ్చింది. తెల్లవారుజామున నాలుగు గంటలకే పారలు దిగాయి. మట్టిని పారబోయలేదు. తట్టల్లో ఎత్తి పక్కన కుప్ప పోశారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసి బండ కడిగారు.

మొదట బయటపడింది 'లక్ష్మయ్య 1963'. లక్ష్మయ్యకు చూపు సరిగా లేదు. వేలితో అక్షరాలు తడిమి, వాటి మీదే చతికిలబడ్డాడు.

"నా జాగ ఇదే. లేపుండ్రి చూస్త."

ఒక్కొక్కరు తమ పేరు వెతుక్కుని దాని మీద కూర్చున్నారు. పోయినవాళ్ల పేర్ల మీద వాళ్ల పిల్లలు కూర్చున్నారు. మొత్తం అరవై మూడు పేర్లు తేలాయి.

తొమ్మిదిన్నరకు రవిచంద్ర, తిరుమలేశ్ వచ్చారు. వెనకే బండకు తూట్లు వేసే కంప్రెసరు ట్రాక్టరు వచ్చింది. శకుంతలమ్మ బండ అంచు నుంచి ఏడు అడుగులు వేసి ఆగింది. తన పేరు పక్కనే కడిగి ఉంచిన చోటు చూపింది.

"దా తమ్మీ. చదువు."

తిరుమలేశ్ కదల్లేదు. జనం దారి ఇచ్చారు. వెనక నుంచి ఎవరో అతన్ని ముందుకు నెట్టారు.

"చదువొచ్చు గద నీకు. ఈడనే వచ్చింది. చదువు."

బండ మీద 'తిరమలేశ్ 1968' అని ఉంది. కొమ్ము లేదు.

"కొమ్ము మర్సినవని నేను దిద్దబోయిన. మా నాయిన వద్దన్నడు. రాతి మీది తప్పు దిద్దరాదు, యాద్ పెట్టుకోవాలె అన్నడు. నువ్వు బాగ యాద్ పెట్టుకున్నవ్. కాయితం మీద గూడ గట్లనే పెట్టినవ్." రవిచంద్ర వైపు తిరిగింది. "మీ ఫైల్ తీయుండ్రి సార్. బడి లేదన్నోని దస్కతు ఏ బడిల నేర్చిందో చూసుకోండ్రి."

రవిచంద్ర ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

శకుంతలమ్మ కొంగులోంచి ఉలి తీసింది. పేరు మీద ఆనించి సుత్తి ఎత్తింది.

"అక్కా, కొట్టకు. గా పేరే మన సాక్ష్యం," అన్నాడు ఓదెలు.

సుత్తి అలాగే ఉంది. ఆమె తిరుమలేశ్ ముఖం చూసింది. అతని కళ్లు నేల మీదున్నాయి.

"కొట్టన్లే," అంది. "ఉండనియ్. పోతా వస్తా మంది తొక్కాలె. వీని పిల్లలొచ్చి చదవాలె." సుత్తి దించింది. "కూసో తిరుమలేశ్. నీ జాగ నీకున్నది."

తిరుమలేశ్ వెనక్కి నడిచి కారు ఎక్కాడు. జనం అతని కారు మీద చెయ్యి వేయలేదు. అద్దం మీద ఉమ్మారు.

"తూట్లు వెయ్యండి," అని రవిచంద్ర కంప్రెసరు డ్రైవరుకు చెప్పాడు. డ్రైవరు పేరు ఆదినారాయణ. పాలమూరు నుంచి వచ్చి ఆరు నెలలైంది. ఉండేది మోతీనగర్‌లో. అతను ఇంజను ఆపి దిగాడు.

"మనుషులు కూసున్న బండకు నేను తూటు వెయ్య సార్."

నడుచుకుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న తిరుమలేశ్ పేరు మీద కూర్చున్నాడు. శకుంతలమ్మ కొంచెం జరిగి, పక్కనే తన పేరు మీద కూర్చుంది.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పోలీసులు వచ్చారు. లేవమన్నారు. ఎవరూ లేవలేదు. పేర్ల మీద కూర్చున్నవాళ్లను మోసి మూడు వ్యాన్లలో వేశారు. లక్ష్మయ్యను నలుగురు మోశారు. మిగిలిన జనం కుప్ప పోసిన మట్టి చుట్టూ నిలబడ్డారు. ట్రాక్టరు నడిపేవాడు లేక ఆ రోజు బండకు తూటు పడలేదు.

స్టేషన్‌లో ఎస్సై ఒక్కొక్కరిని పిలిచి రాసుకున్నాడు. మొదట శకుంతలమ్మ.

"అడ్రస్?"

"బడి బండ, ఫిల్మ్ నగర్."

"గసొంటి జాగ రికార్డుల లేదు."

"రాయి బిడ్డా. ఇప్పుడొస్తది."

ఎస్సై రాశాడు.

సాయంత్రం ఐదు గంటలకు ఎఫ్‌ఐఆర్ పూర్తయింది. అందులో అరవై మూడు పేర్లు ఉన్నాయి. చిరునామా గడిలో అరవై మూడు సార్లూ 'బడి బండ, ఫిల్మ్ నగర్' అని ఉంది. అరవై మూడో పేరు ఆదినారాయణది.